పళ్లెంలో కణం చచ్చింది సరే, మనిషి సంగతేంది?

పోయిన నెల ఇదే పేజీలో "పసుపులో ఉండే కుర్కుమిన్ ల్యాబ్‌లో పెద్దపేగు క్యాన్సర్ కణాలను చంపుతుంది" అని ఒక్క వాక్యం రాశా. అంతే, ఉత్తరాలు ఒకటే రావడం, ఫోన్‌కి మెసేజ్‌లు ఒకటే రావడం, ఎవరో ఆ ఒక్క ముక్కనే కత్తిరించి పసుపు డబ్బా బొమ్మ పక్కన అతికించి వాట్సాప్‌లో తిప్పుతున్నారంట. తప్పు నాదే లెండి, చెప్పాల్సినదాంట్లో సగం చెప్పి ఆపేశా. అందుకే ఈసారి పేజీ మొత్తం దానికే. ముందే చెప్తున్నా, నేను డాక్టర్‌ని కాను. ఒకప్పుడు హైదరాబాద్‌లో ఒక ల్యాబ్‌లో ఈ కణాలు పెంచినదాన్ని, ఇప్పుడు కర్నూల్లో పిల్లలకు బయోకెమిస్ట్రీ చెప్పుకుంటున్నా.

వచ్చినవాటిలో ఒక ఉత్తరం చదివాక మిగతావన్నీ పక్కన పెట్టా, అదే ముందు.

ప్రశ్న: మేడం, నాకు 52 ఏళ్లు. మూడు నెలలుగా దొడ్డికి పోయినప్పుడు రక్తం పడుతోంది. మొలలే అని ఊర్లో ఆకుమందు తీసుకుంటున్నా. ఈమధ్య మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. ఆకుమందుతో పాటు పసుపు పాలు తాగొచ్చా? (ఆదోని)

పాల సంగతి తర్వాత చూద్దాం అన్నా, ముందు బస్సెక్కండి. మొలలే అయ్యుండొచ్చు, చాలామందికి అదే తేలుతుంది. కానీ 52 ఏళ్ల వయసు, మూడు నెలల రక్తం, దానిమీద ఆయాసం, ఈ మూడూ కలిసినప్పుడు ఇంట్లో కూర్చుని మొలలని తేల్చుకోకూడదు. ఆయాసం ఎందుకొస్తుందంటే రోజూ కాస్త కాస్త రక్తం పోయి హిమోగ్లోబిన్ పడిపోయి ఉండొచ్చు. పెద్దపేగు లోపలి గోడకి పాలిప్ అని పులిపిరి మాదిరి బుడిపె లేస్తుంది, అన్నీ క్యాన్సర్లు కావు, అయ్యేవి కూడా అలా మారడానికి మామూలుగా పదేళ్ల దాకా పడుతుంది, ఈ లోపల కొలనోస్కోపీలో, అంటే మలద్వారం గుండా కెమెరా గొట్టం పంపి చూసే పరీక్షలో, కంటపడితే సన్నటి తీగ ఉచ్చు వేసి అక్కడికక్కడే కోసి తీసేస్తారు. వంటింట్లో ఏ డబ్బా తెరిచినా ఆ పని జరగదు. అమెరికాలో అయితే ఏ బాధా లేకపోయినా 45 దాటితే పరీక్ష చేయించుకోమంటున్నారు, 2021 దాకా అది 50 ఉండేది.

కర్నూల్లో పెద్దాసుపత్రి ఉంది, స్టేట్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. ఆధార్, రేషన్ కార్డు జేబులో పెట్టుకొని పొద్దున్నే ఓపీ టైంకి చేరుకోండి, వాడుతున్న ఆకుమందు కూడా ఒక పొట్లం కట్టుకొని పోయి డాక్టర్‌కి చూపించండి, తిడతారని దాచొద్దు. వచ్చే నెల పత్రికలో నా జవాబు చూసి పోదాం అనుకుంటారేమోనని మీ నంబర్‌కి ఫోన్ కూడా చేశా, ఎత్తలేదు. ఇది చదివితే పొండి.

ప్రశ్న: అక్కా, మా నాయనకు పెద్దపేగు క్యాన్సర్. ఆపరేషన్ అయింది, కీమో 12 సార్లు అన్నారు, 4 అయినాయి. చేతులు తిమ్మిర్లు, నోట్లో పుండ్లు, చానా అవస్థ పడుతున్నాడు. మాది పసుపు పండించే ఇల్లే. ఇంక కీమో ఆపేసి కుర్కుమిన్ మాత్రలు వాడదాం, అవి కూడా క్యాన్సర్ కణాలను చంపుతాయంట కదా అని మా చిన్నాయన పట్టుబట్టినాడు. డబ్బా రెండున్నర వేలు. ఏం చేయమంటావు? (మైదుకూరు)

అమ్మా, కీమో ఆపొద్దు. ఇది మొదటి మాట. ఎందుకో వివరంగా చెప్తా, మీ చిన్నాయనకు చదివి వినిపించు.

ల్యాబ్‌లో మేం చేసే పని ఏందంటే, అరచేతంత ప్లాస్టిక్ పళ్లెం, దానికి 96 చిన్న చిన్న గుంతలు, ఒక్కో గుంతలో గులాబీ రంగు ద్రవం, అందులో కొన్ని వేల క్యాన్సర్ కణాలు. 37 డిగ్రీల వెచ్చదనంలో పెట్టి పెంచుతాం. కుర్కుమిన్ నీళ్లలో కరగదు, మీ ఇంట్లో పసుపు నీళ్లు కాసేపుంచితే అడుగున పేరుకుంటుంది చూడు, అదే కథ. అందుకని డీఎంఎస్‌ఓ అనే ద్రావకంలో కరిగించి పైపెట్‌తో చుక్క చుక్కా వేస్తాం. రెండ్రోజులకు చూస్తే కణాలు ముడుచుకుపోయి, అడుగు వదిలేసి పైకి తేలి ఉంటాయి. నేను కళ్లారా చూసినదే, అబద్ధం కాదు. కానీ ఆ గుంతలో కడుపు లేదు, కాలేయం లేదు, రక్తం లేదు. మందు నేరుగా కణం నెత్తినే పడింది. అట్లా పోస్తే చచ్చేవి చానా ఉన్నాయి, ఆ డీఎంఎస్‌ఓ కూడా కాస్త ఎక్కువైతే చంపుతుంది.

మనిషి మింగితే వేరే సంగతి. పసుపులో కుర్కుమిన్ 3 శాతం లెక్కేసుకో, చెంచా పసుపు 3 గ్రాములైతే అందులో కుర్కుమిన్ 90 మిల్లీగ్రాములు. మనుషుల మీద పరీక్షల్లో రోజుకు 8 గ్రాముల కుర్కుమిన్ దాకా ఇచ్చి చూశారు. అంత మింగినా రక్తంలో తేలింది మేం గుంతలో పోసేదాంట్లో పదో వంతు దరిదాపుల్లోనే, మిగతాదంతా పేగులూ కాలేయమూ కలిసి మార్చేసి బయటికి తోసేస్తాయి. 1998లో బెంగళూరులో మిరియాల్లో ఉండే పైపెరిన్ కలిపి ఇచ్చి చూస్తే 20 రెట్లు ఎక్కువ ఎక్కింది, అందుకే ఇప్పుడు డబ్బాల మీద మిరియాల బొమ్మ కూడా వేస్తున్నారు. దాని గొడవ కిందకి చెప్తా.

అయితే పెద్దపేగు విషయంలో శాస్త్రవేత్తలు ఆశ వదులుకోకపోవడానికి ఒక కారణం ఉంది, రక్తంలోకి ఎక్కకపోయినా మింగింది పేగు గుండానే పోవాలి కదా, గోడకు తగులుతూనే పోతుంది. రోజుకు 3.6 గ్రాములు తీసుకున్న రోగుల పేగు ముక్క తీసి చూస్తే అందులో కుర్కుమిన్ దొరికింది కూడా. 2011లో వచ్చిన ఒక పరీక్షలో 44 మంది పొగతాగేవాళ్లకు నెల రోజులు ఇచ్చారు, రోజుకు 4 గ్రాములు తీసుకున్నవాళ్లలో పేగు లోపల క్యాన్సర్‌కి తొలి గుర్తులు కావొచ్చు అనుకునే మచ్చలు 40 శాతం తగ్గాయి, 2 గ్రాముల వాళ్లలో ఏమీ తగ్గలేదు. 4 గ్రాముల కుర్కుమిన్ అంటే పసుపుగా 130 గ్రాములు. రోజూ. మీ పసుపు గిడ్డంగి పక్కనే ఉన్నా తినలేరు.

ఇంకో కథ చెప్తా, నాకు ఈ మొత్తంలో బాగా నచ్చిన కథ ఇదే. కొన్ని కుటుంబాల్లో ఏపీసీ అనే జీన్ చెడిపోయి పేగు నిండా వందల పాలిప్‌లు వస్తాయి, ఎఫ్‌ఏపీ అంటారు. 2006లో అట్లాంటి ఐదుగురికి కుర్కుమిన్, దానికి తోడు ఎర్రగడ్డల్లో ఉండే క్వెర్సెటిన్ ఆరు నెలలు ఇస్తే పాలిప్‌ల సంఖ్య సగటున 60 శాతం తగ్గింది. లోకమంతా ఎగిరి గంతేసింది. ఐదుగురే, పోల్చి చూడ్డానికి పక్కన మందు లేని ఉత్తుత్తి మాత్ర ఇచ్చిన గుంపు లేదు. ఆ పని చేసిన పరిశోధకురాలే మళ్లీ 44 మందిని తీసుకొని, సగం మందికి రోజుకు 3 గ్రాముల కుర్కుమిన్, సగం మందికి ఉత్తుత్తి మాత్ర, ఏడాది పాటు ఇచ్చింది. 2018లో ఫలితం వచ్చింది, రెండు గుంపులకూ తేడా లేదు. ఆమే తన పాత ఆశను తనే పరీక్ష పెట్టి కాదని రాసింది, ఆ నిజాయితీకి దండం పెట్టాలి. మీకొచ్చే వీడియోల్లో 2006 ఉంటుంది, 2018 ఉండదు.

ఇంక మిరియాల గొడవ. పైపెరిన్ పని ఏందంటే కాలేయంలో మందుల్ని విరిచే ఎంజైముల చేతులు కట్టేయడం, అందుకే కుర్కుమిన్ రక్తంలో ఎక్కువసేపు నిలబడుతుంది. అదే ఎంజైములు కొన్ని కీమో మందుల్ని కూడా విరుస్తాయి, వాటి లెక్క తప్పితే మందు ఒంట్లో ఎక్కువైపోవచ్చు. ఇట్లా పసుపు మాత్రలు మింగి, అందులో మిరియాల సారం కలిసిన మాత్రలు మరీ, కాలేయం దెబ్బతిన్న వాళ్లు అమెరికాలో ఆసుపత్రుల్లో చేరారు, కొందరికి ప్రాణం మీదికొచ్చింది. కూరలో వేసే పసుపు, చారులో వేసే మిరియాలతో ఈ భయం లేదు, అవి మామూలుగా తినొచ్చు. మాత్రల డబ్బా మాత్రం డాక్టర్ చూడకుండా ముట్టొద్దు.

తిమ్మిర్లు, నోటి పుండ్ల సంగతి కీమో ఇచ్చే డాక్టర్‌కి గట్టిగా చెప్పండి, భరించాలి కాబోలు అని ఊరుకోవద్దు, మోతాదు తగ్గిస్తారు, తేదీ జరుపుతారు, పుండ్లకు మందిస్తారు. ఆ రెండున్నర వేలు నాయనకు గుడ్లకు, పాలకు, ఆసుపత్రికి పోయే ఆటోకి పెట్టండి. చిన్నాయన మీద కోపం పడొద్దు, అన్న బాధ చూడలేక అంటున్నాడు.

ప్రశ్న: చెనిక్కాయల్లో రెస్వెరట్రాల్ ఉంటుంది, అది క్యాన్సర్ రానీయదు అని టీవీలో చెప్పారు. మాకు నాలుగెకరాల చెనిక్కాయ. రోజూ ఎన్ని తినాలి? (అనంతపురం జిల్లా రైతు)

లెక్క వేద్దాం అన్నా, సరదాగా ఉంటుంది. పేగు క్యాన్సర్ రోగులకు ఆపరేషన్‌కి ముందు ఎనిమిది రోజులు రెస్వెరట్రాల్ ఇచ్చి చూసిన పరీక్షలో రోజు మోతాదు అర గ్రాము నుంచి ఒక గ్రాము. గడ్డలో కణాలు విడిపోయే వేగం ఒక 5 శాతం తగ్గింది, అంతే. ఇప్పుడు మన చెనిక్కాయలకు వద్దాం. వేయించినవాటికంటే ఉడకబెట్టినవాటిలో ఎక్కువ ఉంటుంది, గ్రాముకు 5 మైక్రోగ్రాములు అనుకో. ఒక గ్రాము రెస్వెరట్రాల్ కావాలంటే రెండు క్వింటాళ్లు ఉడకబెట్టాలి. ఒక్క రోజుకు! మీ నాలుగెకరాల పంట, అదీ వాన కరుణిస్తే, నెల కూడా చాలదు.

పోనీ మాత్రలుగా ఎక్కువ మింగుదాం అంటే, మైలోమా అనే రక్త క్యాన్సర్ రోగులకు రోజుకు 5 గ్రాములిచ్చిన పరీక్ష మధ్యలో ఆపేయాల్సి వచ్చింది, కొందరికి కిడ్నీలు దెబ్బతిన్నాయి. కాబట్టి చెనిక్కాయలు రుచికి తినండి, ప్రోటీన్‌కి తినండి, రొట్టెలోకి ఊరిబిండి నూరుకోండి. బూజు పట్టినవి, ముడుచుకున్నవి మాత్రం ఏరి పారేయండి, పిల్లలకు అస్సలు పెట్టొద్దు, ఆ బూజులో అఫ్లాటాక్సిన్ ఉంటుంది, అది కాలేయ క్యాన్సర్ తెచ్చేదని ఎప్పుడో తేలిపోయింది.

ప్రశ్న: మరి తిండితో ఏ ఉపయోగమూ లేదంటారా? (కర్నూలు)

ఉంది. పెద్దగానే ఉంది, కాకపోతే డబ్బాలో పెట్టి అమ్మడానికి కుదరదు గనక ఎవరూ వీడియో చేయరు. దాని పేరు పీచు.

డెనిస్ బర్కిట్ అని ఐర్లాండ్ సర్జన్, ఉగాండాలో చాలా ఏళ్లు పనిచేశాడు, పీచు బాగా తినే అక్కడి పల్లెల్లో పెద్దపేగు క్యాన్సర్ అరుదుగా కనిపిస్తోందని గమనించి 1971లో రాశాడు. అప్పట్లో పీచంటే పేగును ఊడ్చే చీపురు అనుకునేవాళ్లు. అసలు మర్మం తర్వాత తెలిసింది. పీచు మనకు అరగదు, పెద్దపేగులో ఉండే బాక్టీరియాకు అదే భోజనం. అవి దాన్ని పులియబెట్టి బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లం వదులుతాయి, మన పేగు గోడ కణాలు దాన్నే కాల్చుకొని బతుకుతాయి. క్యాన్సర్ కణానికేమో చక్కెర పిచ్చి, బ్యూటిరేట్‌ను సరిగ్గా కాల్చదు, అది లోపల పేరుకుపోయి జీన్‌ల స్విచ్చులు మార్చి కణం విడిపోవడాన్ని ఆపుతుంది. అంటే ఒకే పదార్థం మంచి కణానికి అన్నం, చెడ్డదానికి బ్రేకు. పైగా కుర్కుమిన్ లాగా దూరం నుంచి రానక్కర్లేదు, పుట్టేదే పెద్దపేగులో.

2015లో ఒక తమాషా పరీక్ష చేశారు. అమెరికా పిట్స్‌బర్గ్‌లో ఉండే 20 మంది నల్లజాతి వాళ్లు, దక్షిణాఫ్రికా పల్లెల్లో ఉండే 20 మంది, రెండు వారాలు ఒకరి తిండి ఒకరు తిన్నారు. పీచు బాగా పెంచిన అమెరికా వాళ్లకు బ్యూటిరేట్ రెండున్నర రెట్లు పెరిగింది, మాంసం కొవ్వు తిన్న పల్లె వాళ్లకు సగానికి పడిపోయింది, పేగు గోడలో వాపు గుర్తులు కూడా అటూ ఇటూ తారుమారయ్యాయి. రెండు వారాలకే! రోజుకు 10 గ్రాముల పీచు ఎక్కువ తినేవాళ్లలో ఈ క్యాన్సర్ ముప్పు 10 శాతం తక్కువని అప్పటిదాకా జరిగిన పెద్ద పెద్ద సర్వేలన్నీ కలిపి 2011లో లెక్క తేల్చారు. ఇందులో కూడా అడ్డం తిరిగినది ఒకటుంది, చెప్పకపోతే నేనూ వాట్సాప్ మనిషినే అవుతా, 2000లో అమెరికాలో సుమారు 2,000 మందికి, ఒకసారి పాలిప్ తీసేసినవాళ్లకు, నాలుగేళ్లు పీచు పెంచి చూస్తే మళ్లీ పాలిప్‌లు రావడం తగ్గలేదు. నాలుగేళ్లు చాలవని కొందరు, మొదలుపెట్టడమే ఆలస్యమని కొందరు అంటారు, నాకు రెండోదే సబబుగా అనిపిస్తుంది.

మన సంగతికొస్తే, హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పీచు 10 గ్రాములు, రాగుల్లో 11, పాలిష్ బియ్యంలో 3 కూడా లేదు. మా అవ్వ కాలంలో వరన్నం పండగకే, మిగతా రోజులు జొన్నరొట్టె, కొర్రన్నం, సంగటి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాక ఆకలి తీరింది, దాన్ని తప్పుపట్టను, ఆకలి తెలిసినవాళ్లెవరూ పట్టరు, కానీ రాగులూ కొర్రలూ గాదెలోంచి పోయాయి. ఇప్పుడు అదే జొన్నరొట్టె కోసం కర్నూల్లో రోడ్డు పక్క బండి దగ్గర కారు ఆపుకొని మరీ క్యూ కడుతున్నాం.

కాబట్టి రోజుకు ఒక పూట రొట్టె గానీ సంగటి గానీ, దాంట్లోకి ఉలవలో అలసందలో పప్పు మాదిరి, ఆకుకూర, మధ్యలో పీచుతో సహా చీనీ తొనలు. చద్దన్నం కూడా మంచిదే, వండిన అన్నం చల్లారితే అందులో గంజి కొంత అరగని రకంగా గట్టిపడుతుంది, అది కూడా బాక్టీరియాకే పోతుంది. ఒక్కసారిగా పెంచితే కడుపు ఉబ్బుతుంది, మెల్లగా పెంచండి, నీళ్లు తాగండి. ఒక జాగ్రత్త, పేగు ఆపరేషన్ కొత్తగా అయినవాళ్లు, పేగు ఇరుకైనవాళ్లు, కీమోలో విరేచనాలవుతున్నవాళ్లు పీచు పెంచకూడదు, వాళ్లకు కొన్నాళ్లు మెత్తటి అన్నమే నయం. మైదుకూరు అమ్మాయీ, నీక్కూడా ఇది.

ప్రశ్న: ఆదివారం ఆదివారం పొట్టేలు చియ్యలు తినకపోతే ఆదివారం అనిపించదు. మానాలా? (తాడిపత్రి)

మానక్కర్లేదు. వేట మాంసం కూడా రెడ్ మీటే, ఎక్కువైతే పేగుకు మంచిది కాదు, వండినాక తూకం వేస్తే వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటకుండా చూసుకోమంటారు. ఆదివారం ఒక్క పూట అయితే మీరు ఆ గీత లోపలే ఉన్నారు, బుధవారం బిర్యానీ కూడా కలిపితే నాకు తెలీదు. అసలు గొడవ సాసేజ్, సలామీ లాంటి నిల్వ మాంసంతో, 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం వాటిని క్యాన్సర్ తెస్తాయని తేలినవాటి మొదటి జాబితాలో పెట్టింది, రోజూ 50 గ్రాములు తింటే ముప్పు 18 శాతం పెరుగుతుందంది. చియ్యలు నిప్పుల మీద మాడేదాకా కాల్చకండి, పులుసు పెట్టుకోండి, సంగటి ముద్ద పెద్దది వేసుకోండి.

ప్రశ్న: మేడం, నేను డిగ్రీ ఫైనల్ ఇయర్. మా ప్రాజెక్టులో తంగేడు ఆకు రసం హెచ్‌టీ-29 అనే పేగు క్యాన్సర్ కణాల మీద వేస్తున్నాం. మీరేమో ఇవన్నీ ఉత్తవి అన్నట్టు మాట్లాడుతున్నారు. మానేయమంటారా? (కడప)

అయ్యో, మానేయమని ఎక్కడన్నా తల్లీ. మొక్కల్లోంచి మందులు రావు అంటే నాకంటే మూర్ఖురాలు ఉండదు. ఇంటి ముందు బిళ్ళగన్నేరులోంచి విన్‌క్రిస్టిన్ వచ్చింది, పిల్లల ల్యుకేమియాకి ఈరోజుకూ అదే వాడతారు. పెద్దపేగు క్యాన్సర్‌కే చూడు, చైనా చెట్టు ఒకదాని బెరడులోంచి వాల్, వాణి అనే ఇద్దరు అమెరికాలో క్యాంప్టోథెసిన్ తీశారు, 1966లో ప్రచురించారు. నేరుగా రోగులకు ఇస్తే విషమైంది. తర్వాత జపాన్ వాళ్లు దాని అణువును మార్చి ఇరినోటెకాన్ అనే కీమో మందు చేశారు, అమెరికాలో 1996లో అనుమతి వచ్చింది. అంటే బెరడు నుంచి సెలైన్ బాటిల్ దాకా 30 ఏళ్లు. ఆ 30 ఏళ్లలో మొదటి వారం పని నువ్వు చేస్తున్నది, దాన్ని ముప్ఫయ్యో ఏడు అనుకోకపోతే చాలు.

హెచ్‌టీ-29 కణాలు 1964లో 44 ఏళ్ల ఒకామె పేగు గడ్డ నుంచి తీసినవి, నీకంటే, నాకంటే పెద్దవి, కాస్త మర్యాదగా చూసుకో. నేను చేసిన తప్పు ఒకటి చెప్తా, నువ్వు చేయొద్దు. మొదటిసారి కరివేపాకు రసం వేసి, కణాలు ఎన్ని బతికాయో తెలియడానికి ఎమ్‌టీటీ అనే రసాయనం పోశా, పసుపు రంగులో ఉంటుంది, బతికిన కణం దాన్ని ఊదాగా మారుస్తుంది కదా. మోతాదు పెంచేకొద్దీ ఊదా ముదిరింది, నా రసానికి క్యాన్సర్ కణాలు చావడం పోయి బలిసిపోతున్నాయి అని రెండు రాత్రులు ఏడుపొక్కటే తక్కువ. చివరికి తేలిందేందంటే ఆకు రసంలో యాంటీఆక్సిడెంట్లు ఉంటాయి చూడు, అవి కణాలతో పని లేకుండా వాటంతట అవే ఎమ్‌టీటీని ఊదాగా మార్చేస్తాయి. నేను కణాలు లేని గుంతలు పెట్టుకోలేదు, పెట్టుంటే మొదటిరోజే తెలిసేది.

రసం కరిగించిన ద్రావకం ఒక్కటే పోసిన గుంతలు వేరేగా పెట్టు, దొరికితే మామూలు కణాలు కూడా తెచ్చి వాటిమీద వేసి చూడు, వాటిని కూడా అంతే చంపితే అది యాసిడ్‌తో సమానం. అన్నిటికంటే ముందు ఒక ఆరు గుంతల్లో కణాలు వేయకుండా తంగేడు రసం, ఎమ్‌టీటీ మాత్రం పోసి నాలుగు గంటలు ఉంచు. అవి ఊదాగా మారితే ఫోటో తీసి నాకు పంపు, అప్పుడు మాట్లాడుకుందాం.